బ్రిటన్ డాన్స్ సంగీత బృందం ప్రాడిజీ 'చార్లీ' పాటలో ఆ పిల్లి గోల ఎక్కడిది?

1970లలో పిల్లల జాగ్రత్త కోసం బ్రిటన్ ప్రభుత్వం టీవీలో వేయించిన కార్టూన్లలోది. చార్లీ అనే పిల్లి మ్యావ్‌మ్యావ్‌మని ఏదో గొణుగుతుంది, పక్కనున్న పిల్లాడు అర్థం చెబుతాడు: ఎక్కడికైనా వెళ్లేముందు అమ్మకు చెప్పాలట! బృందంలో సంగీతం కట్టే లియామ్ హౌలెట్ ఆ రెండు గొంతుల్నీ శాంప్లర్‌లోకి (శబ్దాల్ని దాచి తిరిగి వాయించే యంత్రం) ఎక్కించి, పరుగులు తీసే డ్రమ్ముల మధ్య అతికించాడు. 1991లో పాట బ్రిటన్ చార్టులో 3వ స్థానానికి చేరింది. చిన్నప్పుడు ఆ కార్టూన్ చూసినవాళ్లే అప్పటికి రేవ్ అనే పార్టీల్లో రాత్రంతా డాన్సులాడే వయసుకొచ్చారు, అదీ కిటుకు. నాకైతే ఆ మ్యావ్ వింటే ఇప్పటికీ నవ్వొస్తుంది. తర్వాత మిగతావాళ్లూ పిల్లల టీవీ మీద పడ్డారు. 1992లో స్మార్ట్ ఈజ్ అనే బృందంవాళ్లు 'సెసమీ స్ట్రీట్' అనే అమెరికన్ పిల్లల టీవీ షో బాణీతో 2వ స్థానం కొట్టేశారు. 'చార్లీ రేవ్‌ని చంపేసిందా?' అని డాన్స్ సంగీత పత్రిక మిక్స్‌మ్యాగ్ అట్టమీదే అడిగింది, పాపం పిల్లిని పట్టుకుని.