ఖర్చుల మీద ఆలస్యపు అప్పీలు: ముందు డిక్రీ చివరి పుట చూడండి

ప్రశ్న: సరిహద్దు తగాదాలో నేను వేసిన దావాను కాకినాడ జూనియర్ సివిల్ కోర్టు జూన్ 10న ఖర్చులతో సహా కొట్టివేసింది. స్థలం సంగతి వదిలేశాను కానీ, ప్రతివాదికి 38,600 రూపాయలు కట్టాలనడం అన్యాయంగా ఉంది. నాన్నగారి ఆపరేషన్ వల్ల అప్పీలు గడువు దాటిపోయింది. ఆలస్యాన్ని మన్నించమని పిటిషన్ వేసి అప్పీలు చేయడానికి వకీలు 25,000 రూపాయలు అడుగుతున్నారు. వేయమంటారా?

జవాబు: ముందుగా గడువు లెక్క. జిల్లా స్థాయి కోర్టులో అప్పీలుకు డిక్రీ (తీర్పు ఫలితాన్ని, ఖర్చులను తేల్చే కోర్టు పత్రం) తేదీ నుంచి 30 రోజులు గడువు ఉంటుంది. డిక్రీ నకలు తయారీకి పట్టిన కాలాన్ని 1963 నాటి లిమిటేషన్ చట్టం 12వ సెక్షన్ ప్రకారం మినహాయిస్తారు. మీ నకలు వెనుక ఉన్న ముద్రలో దరఖాస్తు జూన్ 25న, నకలు సిద్ధమైనది జూలై 11న అని ఉంది కనుక, ఆ 17 రోజులు కలిపితే గడువు జూలై 27తో ముగిసింది. సెప్టెంబరు 20న దాఖలు చేస్తే ఆలస్యం 55 రోజులు.

ఆ ఆలస్యానికి తగిన కారణం ఉందని అదే చట్టం 5వ సెక్షన్ కింద అఫిడవిట్‌తో చూపాలి. ఇలాంటి పిటిషన్లను లోకజ్ఞానంతో, ఉదారంగా చూడాలని సుప్రీంకోర్టు 1987లో కాతీజీ కేసులో చెప్పింది. అయితే మీ నాన్నగారి డిశ్చార్జి కాగితం ఆగస్టు 20 వరకే సాక్ష్యం పలుకుతుంది. ఆ తరవాతి నెల రోజులకు మీ దగ్గర ఏ కాగితమూ లేదు, అవతలి వకీలు పట్టుకునేది సరిగ్గా అక్కడే. ఒకవేళ కోర్టు మన్నించినా, ప్రతివాదికి కొంత సొమ్ము చెల్లించాలన్న షరతు పెట్టవచ్చు, అంటే ఖర్చులు తగ్గించుకోవడానికి వెళ్లి మళ్లీ ఖర్చులే కట్టవలసి రావచ్చు. పైగా ఆలస్యపు పిటిషన్ వేసినంత మాత్రాన డిక్రీ అమలు ఆగదు. అప్పీలును వినాలని కోర్టు నిర్ణయించే దాకా స్టే ఇవ్వరు, ఈలోగా ప్రతివాది ఈపీ (డిక్రీని అమలు చేయించమని కోరే పిటిషన్) వేసుకోవచ్చు.

అసలు అడ్డంకి వేరే ఉంది. ఖర్చుల విధింపు సివిల్ ప్రొసీజర్ కోడ్ 35వ సెక్షన్ కింద జడ్జి విచక్షణకు సంబంధించినది కనుక, ఏదైనా సూత్రం ఉల్లంఘన జరిగితే తప్ప కేవలం ఖర్చుల మీద అప్పీలును కోర్టులు సాధారణంగా వినవు. ఓడిన పక్షం ఖర్చులు భరించడమన్నది మామూలు నియమమే కాబట్టి, మీ కేసులో అటువంటి ఉల్లంఘన నాకు కనబడలేదు.

కానీ మీరు పంపిన డిక్రీ చివరి పుటలోని ఖర్చుల పట్టికలో మరొకటి కనబడింది. వకీలు ఫీజు 14,500 రూపాయలు అని ఒక వరుసలో ఉంది, సాక్షుల బత్తా, ప్రాసెస్ ఖర్చులు దాటాక అదే మొత్తం అదే పేరుతో మళ్లీ ఉంది. రెండుసార్లు కూడడం వల్లే 38,600 వచ్చింది. ఒక్కసారే లెక్కిస్తే 24,100. ఇలాంటి కూడికల తప్పును సివిల్ ప్రొసీజర్ కోడ్ 152వ సెక్షన్ కింద తీర్పు చెప్పిన కోర్టే ఎప్పుడైనా సరిదిద్దవచ్చు. దానికి అప్పీలు అక్కర్లేదు, ఆలస్యానికి మన్నింపూ అక్కర్లేదు. ఆ రెండు వరుసలు రెండు వేర్వేరు పనులకు సంబంధించినవి కావని మాత్రం వకీలు చేత నిర్ధారించుకోండి.

ఇక డబ్బు లెక్క చూస్తే, సవరణ తరవాత మిగిలే 24,100 మొత్తం అప్పీలులో రద్దయినా, మీరు పెట్టే 25,000 ఫీజే దానికన్నా ఎక్కువ; కోర్టు ఫీజు, ప్రయాణాలు దీనికి అదనం. అందుకే అప్పీలు వద్దంటాను. 38,600 రూపాయలను సేవింగ్స్ ఖాతాలో విడిగా ఉంచి, సవరణ పిటిషన్ వెంటనే వేయించండి. ఉత్తర్వు వచ్చాక తేలిన మొత్తాన్ని కోర్టులోనే డిపాజిట్ చేసి ప్రతివాదికి నోటీసు ఇవ్వండి. చేతికే ఇవ్వవలసి వస్తే రసీదు తీసుకుని, 30 రోజుల్లోగా ఆ చెల్లింపును కోర్టు రికార్డులో నమోదు చేయించండి. నమోదు కాని చెల్లింపును అమలు కోర్టు లెక్కలోకి తీసుకోదు.