అన్నం ముద్దకూ ట్యాబ్‌కూ ముడి పెట్టవద్దు

చిరంజీవి సౌభాగ్యవతి అయిన అమ్మాయికి పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

బాబుకు వచ్చే నెల రెండేళ్ళు నిండుతాయనీ, ట్యాబ్‌లో పాటలు పెడితేనే అన్నానికి నోరు తెరుస్తున్నాడనీ, ఇంగ్లీషులో ఇరవై వరకూ అంకెలు చెబుతున్నా దాహం వేస్తే నీ చెయ్యి పట్టుకుని లాగడమే తప్ప ‘నీళ్ళు’ అనడం లేదనీ నీవు చెప్పినప్పటి నుంచి నా మనసు అక్కడే ఉంది. ముప్పై ఏళ్ళు ఒకటో తరగతి పిల్లలకు చదువు చెప్పి కూడా మా పెద్ద మనవడి విషయంలో నేను ఇదే పొరపాటు చేశాను కనుక దాచకుండా వ్రాస్తున్నాను.

పసివాడికి మాట వినికిడి వల్ల మాత్రమే రాదు. వాడు ‘త్తా’ అనగానే మనం వాడి ముఖంలోకి చూసి ‘తాతయ్య కావాలా? అదుగో తాతయ్య’ అని బదులిస్తాము. తన శబ్దానికి ఫలితం ఉందని వాడు అప్పుడు గ్రహిస్తాడు. ట్యాబ్ ఎంత చక్కగా పాడినా వాడికి బదులివ్వదు. అమెరికాలోని సియాటిల్‌లో, పసిపిల్లలకు మాటలు ఎలా వస్తాయో పరిశోధించే ప్యాట్రీషియా కూల్ బృందం తొమ్మిది నెలల శిశువులకు చైనావారి మాండరిన్ భాష వినిపించి, 2003లో ఫలితాలు ప్రకటించింది. మనుషులు ఎదురుగా కూర్చుని బొమ్మలతో ఆడుతూ మాట్లాడినప్పుడు శిశువులు ఆ భాషలోని ధ్వనుల తేడాను పట్టగలిగారు. అవే మాటలను తెరపై విన్నవారికి అది పట్టుబడలేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఏడాది పిల్లలకు తెర వద్దనీ, రెండు నుంచి నాలుగేళ్ళ వారికి రోజుకు గంట మించకూడదనీ, ఎంత తగ్గితే అంత మంచిదనీ చెప్పింది. తాతయ్యతో వీడియో కాల్‌ను ఆ లెక్కలో వేయకు. అక్కడ బదులిచ్చే మనిషి ఉన్నాడు.

ఒక్కసారిగా లాక్కోవద్దు. మొదట రాత్రి అన్నం ఒక్కటి ట్యాబ్ లేకుండా పెట్టు. టీవీ కట్టేసి, నీ ఫోను వేరే గదిలో పెట్టి, నేల మీద కూర్చుని ‘ఇది కాకి ముద్ద, ఇది పిచ్చుక ముద్ద’ అంటూ పెరుగన్నం పెట్టు. ఒక ముద్ద వాడి చేతికే ఇవ్వు, ఒలకబోసుకున్నా సరే. కొన్నాళ్ళు తక్కువ తింటాడు, ఏడుస్తాడు. మా మనవడూ ఏడ్చాడు, మూడో రోజు నేను ఓడిపోయి ఫోను ఇచ్చినందుకు మళ్ళీ మొదటికి రావలసి వచ్చింది. నీవు, అల్లుడుగారు ముందే ఒక మాట మీద ఉండండి.

పాప సంగతి వేరు. ఎనిమిదేళ్ళ పిల్ల కంప్యూటర్‌లో బొమ్మ గీసినా, కథ టైపు చేసినా నాకు అభ్యంతరం లేదు. గంటల తరబడి వీడియోలు చూడనివ్వకు, పడుకునే ముందు తెర కట్టేయించు, రోజూ వెలుతురులో ఆడుకోనివ్వు. ఎండ వెలుగు హ్రస్వదృష్టి, అంటే దూరపువి మసకగా కనిపించే లోపం, రాకుండా కొంత కాపాడుతుంది.

ఇంకొకటి, దీన్ని వాయిదా వేయకు. రెండేళ్ళకు ‘అమ్మ రా’ వంటి రెండు మాటలైనా కలపకపోతే, వెనుక నుంచి పేరు పెట్టి పిలిస్తే తిరగకపోతే, నేరమంతా ట్యాబ్ మీద వేసి ఊరుకోకుండా పిల్లల వైద్యునికి చూపించి, ముందు చెవులు పరీక్ష చేయించు. వెళ్ళే రోజు చెబితే పాప దగ్గర ఉండడానికి నేను వస్తాను.

ఇట్లు,
మీ పెద్దమ్మ