పాత ఆల్టోకు టైమింగ్ బెల్ట్ ఇంట్లో మార్చుకోవచ్చా? మా వాకిట్లో మార్చిన అనుభవంతో చెబుతున్నా

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. 2009 ఆల్టో సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నారు, రీడింగ్ 92 వేలు దాటింది, టైమింగ్ బెల్ట్ ఎప్పుడు మార్చారో పాత ఓనర్‌కు గుర్తులేదు. పరకాలలో ఇంటి దగ్గరే మార్చుకోవచ్చా, వచ్చే నెల భద్రాచలం వెళ్లొచ్చాక మార్చినా పర్వాలేదా అని అడిగారు.

ఇంట్లో మార్చుకోవచ్చు. హనుమకొండలో మా ఇంటి ముందు ఇదే 796 సీసీ, మూడు సిలిండర్ల ఇంజన్‌కు నేనే మార్చాను. మొదటిసారి బెల్ట్ పుల్లీ పళ్ల మీద ఒక పన్ను పక్కకు జరిగి కూర్చుంది. మరుసటి ఆదివారం మళ్లీ మొత్తం విప్పి సరిచేశాను. అందుకే ఇంత వివరంగా రాస్తున్నా.

ముందు బెల్ట్ ఉన్న బండేనా అని చూసుకోవాలి. మీ 2009 మోడల్‌కు బెల్టే. 2010లో వచ్చిన ఆల్టో కె10కు చైన్ ఉంటుంది, దానికి ఈ పని అవసరం లేదు. ఇది చదివే మిగతావాళ్లు తమ బండి మాన్యువల్ చూసుకోండి. ఎన్ని కిలోమీటర్లకు మార్చాలో కూడా అందులోనే ఉంటుంది. కిలోమీటర్లు తిరగకపోయినా ఏళ్లు గడిచిన కొద్దీ రబ్బరు గట్టిపడి పగుళ్లు ఇస్తుంది. మన దగ్గర మే నెల ఎండలు ఎలా ఉంటాయో మీకు తెలుసు. రికార్డు లేని బండికి బెల్ట్ మార్చలేదనే అనుకోవాలి.

ఈ బెల్ట్, ఇంజన్ కింది భాగంలో పిస్టన్లు తిప్పే క్రాంక్‌ను, పై భాగంలో వాల్వులు తెరిచే క్యామ్‌ను కలిపి తిప్పుతుంది. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక చుట్టు తిరగాలి. బెల్ట్ తెగిందంటే బండి ఎక్కడిదక్కడ ఆగిపోతుంది. చాలా ఇంజన్లలో, ముఖ్యంగా డీజిల్ వాటిలో, తెరిచి ఉన్న వాల్వులకు పిస్టన్ తగిలి అవి వంగిపోతాయి. మా బావ డీజిల్ కారుకు మేడారం పోయేటప్పుడు ములుగు దగ్గర గట్టమ్మ గుడి దాటాక అలాగే తెగింది. పిల్లలతో రోడ్డు పక్కన మూడు గంటలు కూర్చున్నారు. తర్వాత హెడ్ (వాల్వులు ఉండే ఇంజన్ పై భాగం) విప్పి వాల్వులు మార్చాల్సి వచ్చింది. ఒక్క బెల్ట్ కోసం అంత నష్టం.

అయితే ఒక్క బెల్టే కొనకండి. బెల్ట్‌తో పాటు దాన్ని బిగుతుగా ఉంచే టెన్షనర్ బేరింగ్, ఆయిల్ కారకుండా ఆపే క్యామ్ సీల్, క్రాంక్ సీల్, కూలెంట్‌ను ఇంజన్‌లో తిప్పే వాటర్ పంప్, బయట ఆల్టర్నేటర్‌ను తిప్పే ఫ్యాన్ బెల్ట్ కూడా తెచ్చుకోండి. ఈ పనిలో కష్టమంతా విప్పడంలోనే ఉంది. కొత్త బెల్ట్ వేశాక ఆరు నెలలకు పాత సీల్ కారడం మొదలైతే ఆయిల్ తాగి బెల్ట్ పాడవుతుంది. టెన్షనర్ బేరింగ్‌ను చేత్తో తిప్పి చూడండి. గరగరమన్నా, వదులుగా అటూ ఇటూ ఊగినా దాని పని అయిపోయినట్టే. మా బండి వాటర్ పంప్ బయటికి బాగానే కనిపించింది. విప్పి చూస్తే లోపల రెక్కలు తుప్పు పట్టి, తెల్లగా గార పేరుకుని ఉంది. పాత ఓనర్ రేడియేటర్‌లో ఏళ్ల తరబడి బోరు నీళ్లు పోశాడు. మన ప్రాంతపు బోరు నీళ్లతో ఇంట్లో గీజరే ఆగదు, రేడియేటర్ ఎలా ఆగుతుంది? కూలెంట్‌లో కలపడానికి డిస్టిల్డ్ వాటర్ మాత్రమే వాడండి. వస్తువులు కంపెనీ కౌంటర్‌లో గానీ, బిల్లు ఇచ్చే షాపులో గానీ కొనండి. ప్యాకింగ్ లేకుండా విడిగా వేలాడదీసిన బెల్ట్ ఎంత తక్కువకు ఇచ్చినా తీసుకోవద్దు.

బండిని సిమెంటు గచ్చు మీదే పెట్టండి. మట్టిలో బండిని ఎత్తి నిలిపే స్టాండ్ దిగబడుతుంది, షాబాదు బండ బరువుకు పగులుతుంది. ఉత్త జాకీని నమ్మి బండి కింద చెయ్యి పెట్టొద్దు, రెండు స్టాండ్లు తప్పనిసరి. వెనక చక్రాలకు అటూ ఇటూ రాళ్లు పెట్టండి. బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయండి. ఇంజన్ పూర్తిగా చల్లారాకే కూలెంట్ వదలండి.

బెల్ట్ వైపు ముందు చక్రం తీసి, బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్ వదులు చేసి ఫ్యాన్ బెల్ట్ తీస్తే పుల్లీలు అందుతాయి. క్రాంక్ బోల్ట్ ఒక పట్టాన రాదు. మా తమ్ముణ్ని సీట్లో కూర్చోబెట్టి, ఐదో గేర్ వేసి, బ్రేక్ గట్టిగా తొక్కించాను. పానాకు పొడుగు పైపు తొడిగి ఒకే ఊపులో కాకుండా మెల్లగా బలం పెంచుతూ లాగితే కదిలింది. స్టాండ్ల మీద బండి ఊగుతోందేమో పక్కనుంచి ఇంకొకరు చూస్తుండాలి. పానాను అడ్డం పెట్టి సెల్ఫ్ కొట్టి బోల్ట్ వదులు చేసే పద్ధతి ఒకటి షెడ్లలో కనిపిస్తుంది. అది మాత్రం చేయొద్దు, చేతులు విరుగుతాయి.

ఇక అసలు విషయం. పాత బెల్ట్ తీయకముందే స్పార్క్ ప్లగ్గులు విప్పి, బండి న్యూట్రల్‌లో పెట్టి, క్రాంక్‌ను గడియారం ముల్లు తిరిగే వైపు చేత్తో తిప్పి గుర్తులు కలపాలి. క్యామ్ పుల్లీ గుర్తు పైన, క్రాంక్ గుర్తు కింద, ఇంజన్ బాడీ మీద ఉన్న వాటి జత గుర్తులకు ఎదురుగా రావాలి. క్రాంక్ దగ్గర చూడాల్సింది లోపలి పళ్ల పుల్లీ గుర్తు, బయటి పెద్ద పుల్లీ మీది గీత కాదు. కలిశాక ఫొటోలు తీసి, వైట్‌నర్‌తో చుక్కలు పెట్టండి.

పాత బెల్ట్ లాగగానే క్యామ్ పుల్లీ టక్కున కొంచెం పక్కకు తిరిగింది. నాకు గుండె ఆగినంత పనైంది. వాల్వ్ స్ప్రింగులు తోస్తాయి కాబట్టి అలా జరుగుతుంది, కంగారు పడొద్దు. దాన్ని నిదానంగా మళ్లీ గుర్తు దగ్గరికి తెచ్చుకోవచ్చు. కానీ బెల్ట్ లేనప్పుడు క్రాంక్‌ను గానీ క్యామ్‌ను గానీ ఇష్టమొచ్చినట్టు తిప్పకూడదు.

సీల్ తీసేటప్పుడు షాఫ్ట్ మీద గీత పడితే కొత్త సీల్ కూడా కారుతుంది. అందుకే స్క్రూడ్రైవర్ మొనకు గుడ్డ చుట్టుకున్నా. కొత్త సీల్ పెదవికి కాస్త ఇంజన్ ఆయిల్ రాసి, దాని సైజుకు సరిపోయే సాకెట్ ఆనించి చుట్టూ సమంగా తట్టాను. పంప్ గ్యాస్కెట్ కొత్తదే వేయండి. పుల్లీలను పొడి గుడ్డతో శుభ్రంగా తుడవండి, కొత్త బెల్ట్‌కు ఆయిల్ చుక్క, కూలెంట్ చుక్క తగలనీయకండి. బెల్ట్‌ను మడవొద్దు, మెలిపెట్టొద్దు. దాని మీద బాణం గుర్తు ఉంటే తిరిగే దిక్కుకే ఉండాలి. వేసేటప్పుడు టెన్షనర్ లేని వైపు బిగుతుగా ఉండి, వదులంతా టెన్షనర్ వైపే రావాలి.

నేను తప్పింది ఇక్కడే. పైనుంచి ఏటవాలుగా చూసి గుర్తు కలిసిందనుకున్నా. చీకటి పడుతోందని చేత్తో తిప్పి చూడకుండానే అన్నీ బిగించేశా. బండి స్టార్ట్ అయింది గానీ యాక్సిలరేటర్ తొక్కకుండా ఐడిలింగ్‌లో ఉన్నప్పుడు వణికింది. మర్నాడు కాజీపేట ఫాతిమానగర్ బ్రిడ్జి ఎక్కడానికి సెకండ్ గేర్ కావాల్సి వచ్చింది. విప్పి చూస్తే క్యామ్ దగ్గర ఒక పన్ను తేడా. ఇంకో రెండు పళ్లు జరిగి ఉంటే ఏమయ్యేదో అని ఇప్పటికీ అనిపిస్తుంది.

కాబట్టి టెన్షనర్ స్ప్రింగ్ తగిలించాక, దాని బోల్ట్ పూర్తిగా బిగించకముందే క్రాంక్‌ను చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పండి. ఒక చుట్టు సరిపోదు, ఎందుకంటే క్యామ్ అప్పటికి సగమే తిరుగుతుంది. మధ్యలో ఎక్కడైనా గట్టిగా తట్టుకుంటే బలం పెట్టకుండా ఆపి మళ్లీ మొదటి నుంచి చూడండి. రెండు చుట్ల తర్వాత గుర్తులు ఎదురుగా కూర్చుని చూసినా కలిస్తేనే టెన్షనర్ బిగించండి. ఏ బోల్ట్ ఎంత బిగించాలో సర్వీస్ మాన్యువల్ చూసి, ఎంత బలంతో బిగిస్తున్నామో తెలిపే టార్క్ రెంచ్‌తో బిగించాలి, ముఖ్యంగా క్రాంక్ బోల్ట్. మీ దగ్గర లేకపోతే తెలిసిన మెకానిక్ దగ్గర ఒక పూటకు అడిగి తెచ్చుకోండి.

కూలెంట్ పోసి, హీటర్ వేడి వైపు తిప్పి, రేడియేటర్ ఫ్యాన్ తిరిగే దాకా ఇంజన్ నడపండి. చల్లారాక మూత తీసి చూస్తే మట్టం దిగి ఉంటుంది, మళ్లీ నింపండి. మార్చిన తేదీ, రీడింగ్ ఒక కాగితం మీద రాసి బెల్ట్ కవర్ మీద అంటించండి. మీ తర్వాత బండి కొనేవాళ్లకు మీకొచ్చిన టెన్షన్ ఉండదు.

నాకు ఉదయం ఆరింటికి మొదలుపెడితే సాయంత్రం ఏడైంది. మీకు రెండు రోజులు ఖాళీ ఉండి, ఆ రెండు రోజులు బండి అవసరం లేకపోతేనే మొదలుపెట్టండి. ఇంతవరకు ఫ్యాన్ బెల్ట్ కూడా మార్చి ఉండకపోతే, ఈసారికి వస్తువులన్నీ మీరే కొని మంచి మెకానిక్‌కు ఇచ్చి, పక్కన నిలబడి చూడండి.

భద్రాచలం మాత్రం మార్చాకే వెళ్లండి. ఏటూరునాగారం మీదుగా వెళ్తే దారిలో ఎక్కువ భాగం అడవే, చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ కూడా ఉండదు. పని అయ్యాక వారం రోజులు పరకాల, హనుమకొండ మధ్య తిప్పండి. రోజూ పొద్దున బండి కదిపే ముందు కింద ఆయిల్ చుక్క గానీ కూలెంట్ చుక్క గానీ పడిందేమో చూసుకోండి. వారం పాటు నేల పొడిగా ఉంటే బయలుదేరండి.