ఆదివారాలు ఎక్కడికి పోయాయి?

తమ్ముడూ,

మీ నాన్నగారి గురించి నువ్వు పంపిన నాలుగు పేజీలూ రెండుసార్లు చదివాను. ఆయన పోయి రెండు నెలలే అయింది, అప్పుడే రాయడం మొదలుపెట్టావు, మంచి పని చేశావు. పేజీలు మాత్రం ఇంకా తయారవలేదు.

నిరాడంబరుడు, నిస్వార్థ సేవకుడు, ఆదర్శ తండ్రి, విధి నిర్వహణలో రాజీపడని అధికారి. ఇవి అబద్ధాలని నేననడం లేదు, కానీ పేరు మార్చి ఏ సంతాప సభలోనైనా చదివేయొచ్చు. మూడో పేజీలో ఒకచోట మాత్రం నిజంగా ఆగిపోయాను. ‘ఆదివారాలు నాన్న ఇంట్లో ఉండేవారు కాదు’ అని రాసి, వెంటనే సన్మానాల్లోకి దూకేశావు. ఎందుకు పారిపోయావు? నీ వ్యాసం అక్కడే మొదలవ్వాలి. ఇల్లు, ఉద్యోగం, పదిమంది పనులు, మూడింటికీ ఆయన అంకితమయ్యారన్నావు గానీ, ఎవరికైనా రోజుకి 24 గంటలే కదా, బయటివాళ్ళకిచ్చిన ప్రతి గంటా ఎవరి వాటాలోంచో తీసిందే అయ్యుంటుంది. ఎవరి వాటా? మీ అమ్మగారిదా, నీదా, ఆయన నిద్రదా?

‘అరవైసార్లు రక్తదానం చేశారు’ అన్న ముక్కని కూడా అరవాక్యంలో తేల్చేశావు. ఒకసారి రక్తమిస్తే మగవాళ్ళు మళ్ళీ ఇవ్వడానికి మూడు నెలలు ఆగాలని చాలాచోట్ల నియమం. ఒక్కసారి కూడా తప్పకుండా ఇచ్చినా అరవైకి దాదాపు 15 ఏళ్ళు పడుతుంది. సారికి 350 మిల్లీలీటర్లు వేసుకున్నా 21 లీటర్లు, మనిషి ఒంట్లో ఉండేదేమో సుమారు 5 లీటర్లు. ఈ లెక్క వ్యాసంలో పెట్టమని చెప్పడం లేదు (పెడితే సైన్సు పాఠంలా ఉంటుంది), నువ్వు మటుకు వేసుకో. పదిహేనేళ్ళపాటు మూడేసి నెలలు లెక్కపెట్టుకున్న మనిషాయన. ఆ తారీఖు ఎక్కడ రాసుకునేవారు? ఇచ్చి వచ్చిన రోజు ఇంట్లో చెప్పేవారా, మోచేతి దగ్గర దూది చూసి మీరే కనిపెట్టేవారా?

నా సంగతి చెబుతాను. మా నాన్న రాయడం రానివాళ్ళకి అర్జీలు రాసిపెట్టేవారు. ఆఫీసు నుంచి వచ్చి వరండాలో కూర్చుంటే రాత్రి తొమ్మిదింటిదాకా లేచేవారు కాదు. ఆయన పోయాక నేనూ నీలాగే విశేషణాలు గుప్పించి ఒక వ్యాసం రాశాను, అచ్చయింది, అందరూ బాగుందన్నారు, నాకే ఎక్కడో వెలితిగా ఉండేది. ఏడాది తర్వాత ఆయన పాత ఫైలు తిరగేస్తుంటే ఒక పింఛను అర్జీ కార్బన్ కాపీ కనబడింది. మార్జిన్‌లో పెన్సిల్‌తో సన్నగా, ‘ఈయనకి కుడి చెవి వినపడదు. ఎడమ పక్కన కూర్చోవాలి’ అని ఉంది. ముక్కూ మొహం తెలియని మనిషి ఏ చెవితో వింటాడో రాసిపెట్టుకున్న ఆ నాన్నే, నాకు తొమ్మిదో తరగతిలో కళ్ళజోడు వస్తే నాలుగో రోజుకి గానీ చూడలేదు. చూసి, “ఎప్పుడు కొన్నార్రా?” అన్నారు. అమ్మ ఏమీ అనలేదు, గిన్నెలు మాత్రం కాస్త గట్టిగా సర్దింది.

రెండోసారి రాసినప్పుడు ఆ రెండు సంగతులూ పక్కపక్కన పెట్టి వదిలేశాను. ‘అయినా మా నాన్న గొప్పవాడే’ అని చివర్లో ఒక వాక్యం ఉండేది. అది కొట్టేయడానికి వారం పట్టింది.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది ఆయన్ని ఎరిగినవాళ్ళతో మాట్లాడటం, అదీ త్వరగా. 1885లోనే హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త అర్థంలేని అక్షరాల జాబితాలు తానే బట్టీపట్టి చూసుకుని, మరపు మొదట్లోనే ఎక్కువ మింగేస్తుందని, తర్వాత నెమ్మదిస్తుందని తేల్చాడు. నాన్న జ్ఞాపకాలూ అక్షరాల జాబితాలూ ఒకటి కావనుకో, అయినా చిన్న చిన్న సంగతులు ముందు జారిపోవడం నేను కళ్ళారా చూశాను. అందరినీ ఒకచోట కూర్చోబెట్టి అడగకు, ఒకరు చెప్పింది విని రెండోవాళ్ళు తమకీ అదే గుర్తుందనుకుంటారు. ‘నాన్న ఎలాంటివారు?’ అని అసలు అడగొద్దు, దేవుడు అంటారు, అక్కడితో ఆగిపోతుంది. ‘ఆయనకి మీ మీద ఎప్పుడైనా కోపం వచ్చిందా, దేనికి?’ అని ఆయన కింద పనిచేసినవాళ్ళని అడుగు. తారీఖుల విషయంలో ఎవరినీ నమ్మకు, సర్వీసు కాగితాలు చూడు, ఫోటోల వెనక చూడు.

మీ అమ్మగారిని ఆఖర్న అడుగు. ఆదివారాల గురించే అడుగు. ఆవిడ చెప్పకపోతే గుచ్చి గుచ్చి అడగొద్దు, చెప్పనన్న సంగతి కూడా రాయొచ్చు, ఆవిడకి చూపించి. మీ అక్కకి కోపం వస్తుందేమోనని టెన్షన్ పడుతున్నట్టున్నావు. రావచ్చు. ఆ పేజీలు ముందు ఆమెకే ఇచ్చి చదవమను, తప్పులు ఆమెకే బాగా కనిపిస్తాయి.

మార్జిన్‌లోని ఆ పెన్సిల్ అక్షరాలు చెరిగిపోతాయేమోనని నేను ఫోటో తీసి పెట్టుకున్నాను. మీ నాన్నగారి రక్తదానం కార్డు నీ దగ్గరే ఉందన్నావుగా, అదీ ఫోటో తీసి పంపు, రెండువైపులా.

ఇట్లు,
మీ అన్నయ్య