కనాను పంపకం మీద రాస్తున్న తమ్ముడికి

ప్రియమైన తమ్ముడికి,

వందనాలు. యెహోషువ నాయకత్వంలో ఇశ్రాయేలు గోత్రాలు కనాను దేశాన్ని పంచుకున్న తీరు మీద నువ్వు రాసిన వ్యాసం అందింది. భాషకు వంక పెట్టాల్సిందేమీ లేదు. బైబిలు చివర ఉండే రంగుల పటాన్ని ముందు పెట్టుకుని రాయడంతోనే చిక్కంతా వచ్చింది. ఆ పటం చూస్తే దేశాన్ని ఒక్క పూటలో పన్నెండు ముక్కలు చేసినట్టు అనిపిస్తుంది. యెహోషువ గ్రంథం 13 నుంచి 21 దాకా అధ్యాయాల్లో ఉన్నది వేరు. పంపకం విడతలుగా జరిగింది, మధ్యలో సణుగుళ్లున్నాయి, చివర్లో సర్దుబాట్లున్నాయి. పటాన్ని పక్కన పెట్టి ఆ వరుస పట్టుకో.

ముందు లెక్క చూసుకో. యాకోబు కొడుకులు పన్నెండుగురు, వాటాలూ పన్నెండే. కానీ ఆ పన్నెండూ ఈ పన్నెండూ ఒకటి కావు. దేవుని సేవకు కేటాయించిన లేవీ గోత్రానికి భూభాగం లేదు. యోసేపు పేరిట వాటా లేదు గానీ ఆయన కొడుకులు ఎఫ్రాయిము, మనష్షేలకు చెరొకటి వచ్చింది. మనష్షే గోత్రం మళ్లీ యోర్దాను నదికి అటు సగం, ఇటు సగం అయింది. రూబేను, గాదు గోత్రాలకు మందలు ఎక్కువ, తూర్పు గట్టున మేత బాగుంది. అందుకే మోషే బతికుండగానే ఆ నేల అడిగి తీసుకున్నారు. మగవాళ్లు నది దాటి మిగతావాళ్లతో కలిసి యుద్ధం చేయాలన్నది షరతు. ఆ రెండు గోత్రాలూ, మనష్షేలో సగమూ పోగా పడమట పంచాల్సింది తొమ్మిదిన్నర గోత్రాలకే. ‘పన్నెండు గోత్రాలకూ చీట్లు వేశారు’ అన్న నీ వాక్యం ఇక్కడే తప్పిపోయింది.

తర్వాతి ముడి బైబిల్లోనే సంఖ్యాకాండం 26వ అధ్యాయంలో ఉంది. ఎక్కువమందికి ఎక్కువ, తక్కువమందికి తక్కువ ఇవ్వమంటుంది; ఆ వెంటనే చీట్లు వేసి పంచమంటుంది. కొత్తగా రాసేవాళ్లు ఈ రెండింట్లో ఒకటి పట్టుకుని రెండోది వదిలేస్తారు. ఏ దిక్కున అన్నది చీటి, ఎంత అన్నది తలల లెక్క అని చెప్పే వ్యాఖ్యాతలున్నారు. అది వ్యాఖ్యానమే, వ్యాఖ్యానమనే రాయి. అక్కడి మొత్తం 6,01,730 జనాభా కాదు, ఇరవై ఏళ్లు దాటి యుద్ధానికి పనికొచ్చే మగవాళ్ల సంఖ్య. అందులో యూదా 76,500, షిమ్యోను 22,200. అంతకుముందు లెక్కలో ఇదే షిమ్యోను 59,300. ఈ పతనం చెప్పాకే, యూదా వంతు వాళ్లకు మించి ఉండడం వల్ల షిమ్యోనుకు అందులోనే చోటిచ్చారన్న మాట (యెహోషువ 19:9) చెప్పు, పాఠకుడికి అతుకుతుంది. అలాగని తలల లెక్కతో అన్నీ తేలుతాయనుకోకు. దాను 64,400 మందితో యూదా తర్వాత పెద్ద గోత్రం, దొరికిందేమో సముద్రం వైపు చిన్న ముక్క. దాన్నీ నిలుపుకోలేక, వాళ్లలో ఆరువందల మంది ఆయుధాలతో ఉత్తరానికి పోయి లాయిషు అనే ఊరిని పట్టుకున్నారు. ఆ సంగతి చెప్పకుండా దాను పేరు రెండు చోట్ల రాస్తే అచ్చు తప్పనుకుంటారు.

వ్యాసానికి గుండెకాయ యెహోషువ గ్రంథం 18వ అధ్యాయం. నువ్వు దాన్ని రెండు వాక్యాల్లో దాటేశావు. యూదాకూ యోసేపు సంతతికీ ఇచ్చాక ఏడు గోత్రాలు మిగిలాయి, ఎవరూ కదలడం లేదు. ఎంతకాలం ఆలస్యం చేస్తారని యెహోషువ గద్దించి, గోత్రానికి ముగ్గురు చొప్పున మనుషుల్ని పంపాడు. వాళ్లు దేశమంతా తిరిగి, ఊళ్ల చొప్పున ఏడు భాగాలుగా పుస్తకంలో రాసుకుని, అందరూ విడిది చేసిన షిలోహుకు తిరిగొచ్చారు. అప్పుడు పడ్డాయి చీట్లు: బెన్యామీను, షిమ్యోను, జెబూలూను, ఇశ్శాఖారు, ఆషేరు, నఫ్తాలి, దాను. మన అన్నదమ్ములు పొలం పంచుకునేటప్పుడూ వాటాలు కట్టాకే చీట్లు వేస్తారు కదా, ఆ క్రమమే. గొలుసు పట్టి ఎకరాలు కొలిచినట్టు మాత్రం రాయకు, అక్కడ ఆ మాట లేదు. ‘ఇరవై ఒక్కమంది’ అని కూడా రాశావు. ముగ్గురేసి ఏయే గోత్రాల నుంచో గ్రంథం తేల్చలేదు, ఆ సంఖ్య తీసెయ్.

పొలిమేరలు ఎలా చదవాలో ఒక్కచోట చేసి చూడు. యూదా ఉత్తరపు హద్దు (15:5-9) ఉప్పు సముద్రం (మృత సముద్రం) దగ్గర మొదలై ఏన్‌రోగేలు, హిన్నోము లోయ, నెఫ్తోయ ఊట, కిర్యత్యారీము మీదుగా పడమటికి పోతుంది. బెన్యామీను దక్షిణపు హద్దు (18:15-19) అదే గీత, కిర్యత్యారీము నుంచి వెనక్కి నడుస్తుంది. రెండూ పక్కపక్కన పెడితే యెరూషలేము బెన్యామీను వైపు పడిందని కనిపిస్తుంది, 18:28లో వాళ్ల ఊళ్లలో దాని పేరూ ఉంది. అయినా అక్కడ కాపురమున్న యెబూసీయుల్ని వెళ్లగొట్టలేకపోయింది యూదావాళ్లని 15:63 అంటుంది. దీన్ని దాచకు, వ్యాసానికి ప్రాణం ఇలాంటి చోటే.

ఊళ్ల జాబితాలు వేరే రకం. అక్కడ గీతలుండవు, పేర్లూ మొత్తాలే. మొత్తాలు కుదరకపోవచ్చు: 15:32లో ఇరవై తొమ్మిది అని ఉంటుంది, పేర్లు లెక్కిస్తే ముప్ఫై దాటతాయి. నువ్వు సరిదిద్దబోకు, తేడా ఉందని చెప్పి ముందుకెళ్లు.

మనష్షే గోత్రంలో కొడుకులు లేకుండా చనిపోయిన సెలోపెహాదు కుమార్తెల గురించి ‘స్త్రీ విముక్తి’ అని పేరా నింపేశావు, అసలు లెక్క వదిలేశావు. మనష్షేకు పడమట పది వంతులు ఎలా వచ్చాయి? కుటుంబాలు ఆరు. హెపెరు కుటుంబం వంతు ఆయన మనవరాళ్లయిన ఈ సెలోపెహాదు కుమార్తెలు మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సాలకు పోయింది. మిగతా ఐదూ, వీళ్ల ఐదూ కలిసి పది. సోదరులు లేకపోవడం వల్లే ఆ వాటా దక్కింది. సొంత గోత్రంలోనే పెళ్లాడాలన్న షరతూ ఉంది. మన రాష్ట్రంలో 1985 నుంచి కూతుళ్లకు వచ్చిన హక్కుతో దీన్ని ముడిపెట్టకు. దానికి బదులు, ఉత్తర ఇశ్రాయేలు రాజ్యానికి రాజధానిగా ఉన్న సమరయలోని కుండపెంకుల గురించి రాయి. 1910 తవ్వకాల్లో దొరికిన ఆ పెంకుల మీద ద్రాక్షారసం, నూనె సరఫరా వివరాలున్నాయి. అవి క్రీ.పూ. 8వ శతాబ్దానివి, వాటిలో నోయా, హొగ్లా అన్నవి ప్రాంతాల పేర్లు.

లేవీయులకు క్లుప్తత చాలు: 48 ఊళ్లు, చుట్టూ మేత భూమి, అందులో ఆరు ఆశ్రయపురాలు, అంటే పొరపాటున ఎవరినైనా చంపినవాళ్లు తలదాచుకునే ఊళ్లు. ఒక్క జాగ్రత్త. సంఖ్యాకాండం 35లో ఒక వచనం గోడ నుంచి వెయ్యి మూరలంటుంది, తర్వాతిది ఒక్కో దిక్కున రెండువేల మూరలంటుంది. ఒకటే ఎత్తి రాస్తే చదివినవాళ్లు పట్టుకుంటారు.

ఇక కాలం సంగతి. ఇదంతా యెహోషువ నాటి రికార్డేనని తీర్పు చెప్పినట్టు రాశావు. జర్మన్ పండితుడు ఆల్బ్రెక్ట్ ఆల్ట్ 1925లోనే యూదా ఊళ్ల జాబితా క్రీ.పూ. 7వ శతాబ్దంలో యోషీయా రాజు పాలనా విభాగాలదని వాదించాడు. సంఘంలో చదివేవాళ్లకు ఇది రుచించకపోవచ్చు. గ్రంథం చెప్పేది ఒక పేరాలో, పండితులు తేల్చేది మరో పేరాలో పెట్టు, రెంటినీ ఒకే వాక్యంలో కలపకు. దిద్దిన ప్రతి పంపేటప్పుడు వచనాల అంకెలు మార్జిన్‌లో వేసి పంపు, నాకు సరిచూడటం తేలిక.

ఇట్లు,
నీ అన్న