సందంటే రెండిళ్లు కలిసే చోటు

“సందు, గల్లీ రెండూ ఒకటేనా? ఆ మాటలు ఎక్కడివి?” అని అడిగారు. నడిచే దారి వరకు రెండూ ఒకటే, పుట్టుక మాత్రం వేరు. గల్లీ హిందీ, ఉర్దూల ‘గలీ’. నిజాం కాలంలో ఉర్దూ అధికార భాష కావడంతో తెలంగాణలో అది ఊరి మాటే అయిపోయింది. గల్లీ క్రికెట్, గల్లీ లీడర్ పుణ్యమా అని ఇప్పుడు కోస్తాలోనూ అందరి నోటా ఉంది. గొంతు అని అర్థమున్న ‘గల’ నుంచి అది వచ్చిందని చెప్పే నిఘంటువులున్నాయి. ఇరుకు దారికి ఆ పేరు బాగానే అమరింది.

సందు సంగతికొస్తే, ఆ ఒక్క మాట మీద మా ఇంట్లో పెద్ద రగడే జరిగింది. మాది కోస్తాలో ఓ పాత వీధి. మా ఇంటికీ పక్కింటికీ మధ్య, ఇద్దరు ఎదురుపడితే ఒకరు గోడకి ఒదిగి నిలబడాల్సినంత సందు ఉండేది. రెండిళ్ల చూరు నీళ్లూ అందులోనే పడేవి, రెండు పెరళ్లకీ అదే దారి. పక్కింటాయన మేడ వేస్తూ మెట్లు ఆ సందులోకి దించబోయారు. “సందంటే ఖాళీ జాగాయే కదా అన్నగారూ, ఊరికే పడున్నదాన్ని వాడుకుంటే తప్పేంటి?” అని నాన్నతో వాదన. నాన్న ట్రంకు పెట్టెలోంచి తాతగారి నాటి దస్తావేజు తీశారు. మడతల దగ్గర చిరిగిపోయి, వెనక గుడ్డ అతికించిన స్టాంపు కాగితం. హద్దుల్లో పడమరకి ‘ఉమ్మడి సందు’ అని రెండే మాటలున్నాయి. అడుగులు లేవు, గజాలు లేవు.

ఇద్దరూ కలిసి రిజిస్ట్రారు ఆఫీసు దగ్గర కూర్చునే ముసలి దస్తావేజు లేఖరి దగ్గరికి వెళ్లారు. నేనూ వెంట ఉన్నాను. ఆయన కళ్లద్దాలు సర్దుకుని, ఆ మాటల కింద గోటితో గీసి చూపిస్తూ, “దీన్ని ఖాళీ అని ఎవరు చెప్పారయ్యా? ఇది సంధి. మీ రెండిళ్లూ కలిసే చోటు ఒక్కరిదెలా అవుతుంది?” అన్నారు. పక్కింటాయన ఇంక మాట్లాడలేదు. మెట్లు వంపు తిప్పి తన స్థలంలోనే కట్టించుకున్నారు.

ఆ లేఖరి చెప్పింది అక్షరాలా నిజమని నా గట్టి నమ్మకం. సంధ్య సందె అయినట్టే సంధి సందు అయింది. సందె అంటే పగలూ రాత్రీ కలిసే వేళ. సంధివాతంలోని సంధి ఎముకలు కలిసే కీలు. రెండు వస్తువులు ఎంత దగ్గరగా కలిసినా మధ్యన సన్నటి ఎడం మిగులుతుంది, వాడుకలో చివరికి ఆ ఎడానికే పేరు నిలిచిపోయింది. పంటి సందు, వేళ్ల సందు, తలుపు సందు అన్నీ అలా వచ్చినవే. అక్కడి నుంచి అది అవకాశం దాకా వెళ్లింది. “మాట్లాడటానికి సందివ్వడు”, “సందు చూసుకుని జారుకున్నాడు” అంటాం కదా.

అన్నట్టు, ‘సందులో సడేమియా’ అని రాసేవాళ్లు ఈమధ్య మరీ ఎక్కువయ్యారు. అది సందట్లో సడేమియా. సందడిలో దూరాడని దాని భావం, సందుకీ దానికీ ఏ చుట్టరికమూ లేదు. దయచేసి సరిగ్గా రాయండి. కొత్త కాలనీల బోర్డుల మీద చూస్తే సందు అన్న మాటే కనబడదు, అంతా ‘లేన్’. సందులో ఇల్లు అని చెప్పుకోవడం నామోషీ అయిపోయింది. సందుగొందులు అన్నప్పుడు తప్ప గొంది అన్న మాట పిల్లల చెవిన పడటమే లేదు. ఎంత చక్కటి మాటలు, చూస్తుండగానే పోతున్నాయి.

మీ దస్తావేజులో కూడా ‘ఉమ్మడి సందు’ అని ఉంటే ఊరుకోకండి. 20 ఏళ్లు ఎవరూ అడ్డు చెప్పకుండా, బాహాటంగా, హక్కుగా నడిచిన దారి మీద హక్కు వస్తుందని 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టంలో (ఇతరుల స్థలాన్ని దారి లాంటి అవసరాలకి వాడుకునే హక్కుల చట్టం) ఉంది. కానీ దాన్ని కోర్టులో రుజువు చేసుకునేసరికి రెండిళ్ల మధ్య మాటలు పోతాయి. ఈసారి రాతకోతలు జరిగినప్పుడు సందు వెడల్పు ఎన్ని అడుగులో, ఏ గోడ నుంచి ఏ గోడ దాకానో స్పష్టంగా రాయించి, పక్కింటివాళ్ల చేత కూడా సంతకం పెట్టించుకోండి.