సాంబా షేర్‌లో ఫైల్ ఎవరు తీసేశారో తెలియాలంటే

ఆఫీసు సాంబా షేర్‌లోంచి (లినక్స్ సర్వర్‌లో ఉండి, అందరూ నెట్‌వర్క్ మీద వాడుకునే ఫోల్డర్) ఫోల్డర్లు మాయమవుతున్నాయి, ఎవరు తీస్తున్నారో లాగ్, అంటే రికార్డు, కావాలి, ఇదే కదా అన్నా మీ ప్రశ్న? కడపలో ఒక ఆడిటర్ ఆఫీసు సర్వర్ నేనే చూసుకుంటాను, అక్కడా ఇదే గొడవ.

సెట్టింగుల జోలికి పోకముందు లాగిన్లు చూడండి. అందరూ ఒకే యూజర్‌నేమ్‌తో వస్తుంటే లాగ్‌లో ప్రతి లైన్లోనూ ఆ ఒక్క పేరే పడుతుంది, ఎంత వెతికినా మనిషెవరో తేలదు. మనిషికో లాగిన్ ఇచ్చి గెస్ట్ (పాస్‌వర్డ్ లేకుండా వచ్చే దారి) తీసేయండి. స్టాఫ్ సణుగుతారు, అయినా పట్టుబట్టండి.

తర్వాత సాంబా కాన్ఫిగ్ ఫైల్లో ఆ షేర్ కింద, అదనపు మాడ్యూళ్లు చేర్చే వీఎఫ్ఎస్ ఆబ్జెక్ట్స్ లైన్లో ఫుల్ ఆడిట్ (ఎవరేం చేశారో రాసే మాడ్యూల్) పెట్టి, ప్రతి లాగ్ లైను మొదట్లో పడే ప్రిఫిక్స్‌లో యూజర్, ఐపీ, షేర్ పేరు ఇవ్వండి. సక్సెస్ లిస్టులో (జరిగిన పనుల్లో ఏవి రాయాలో చెప్పేది) మాత్రం 'ఆల్' వద్దు, ఊరికే ఫోల్డర్ తెరిచినా లైన్లు కుప్పలుగా పడి మనకు కావాల్సింది దొరకదు. డిలీట్, రీనేమ్, కొత్త ఫోల్డర్ చాలు. ఇక్కడొక తిరకాసు ఉంది: ఆ లిస్టులో రాసే పేర్లు కొత్త వెర్షన్లలో మారాయి, అన్‌లింక్ (అంటే డిలీట్) కాస్తా అన్‌లింక్‌ఎట్, రీనేమ్ కాస్తా రీనేమ్‌ఎట్ అయ్యాయి, నెట్‌లో దొరికిన పాత కాన్ఫిగ్ అలాగే అతికిస్తే సాంబా ఆ పేరు గుర్తుపట్టక అసలు షేరే తెరుచుకోదు. అందుకే అందరూ ఇళ్లకు పోయాక ఈ పని పెట్టుకోండి. సాంబా రీస్టార్ట్ చేసి, ఏదో ఒక సిస్టమ్ నుంచి టెస్ట్ ఫైల్ డిలీట్ చేసి లైన్ పడిందో లేదో చూసుకోండి.

ఫుల్ ఆడిట్‌కి ఫెసిలిటీ (లాగ్ ఏ కోవదో చెప్పే గుర్తు) లోకల్5 ఇచ్చి, సర్వర్ లాగులు ఫైళ్లలోకి రాసే ఆర్‌సిస్‌లాగ్‌లో దానికి వేరే ఫైల్ రాస్తే మిగతా చెత్తలో కలవదు. పాత లాగులు పక్కన పెట్టి కొత్త ఫైల్ మొదలుపెట్టే లాగ్‌రొటేట్‌లో వారానికోసారి, 26 ఫైళ్లు పెట్టండి, 182 రోజులు వస్తాయి. 2022 ఏప్రిల్‌లో సెర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) ఇచ్చిన ఆదేశాల్లో లాగులు 180 రోజులు ఉంచాలని ఉంది.

అసలు జాగ్రత్త లాగ్ చదివేటప్పుడు కావాలి. మా దగ్గర ఒక క్లయింట్ జీఎస్టీ ఫోల్డర్ పోయిందని అందరికీ టెన్షన్, కొత్తగా చేరిన పిల్లాడి మీద అనుమానం. లాగ్‌లో చూస్తే డిలీట్ లైనే లేదు, రీనేమ్ ఉంది: మౌస్‌తో లాగుతుంటే ఎవరిదో చేయి జారి అది పక్క క్లయింట్ ఫోల్డర్‌లో పడింది. వర్డ్, ఎక్సెల్ కూడా సేవ్ చేసేటప్పుడు టెంపరరీ ఫైల్ రాసి, పేరు మార్చి, పాతది తీసేస్తాయి, కాబట్టి మామూలు సేవ్ కూడా డిలీట్‌లాగే కనబడుతుంది. ఎవరినైనా అడిగే ముందు ఆ లైనుకి పైనా కిందా చూడండి, అదే యూజర్, అదే క్షణంలో వేరే ఫైల్‌కి ఆ పేరే పెట్టినట్టుంటే అది సేవే.